"వయసులో ఉన్నాడు కదా!": రగ్బీ లీగ్ కుర్రాళ్ళను ఎప్పుడు ఆపాలి? ఒక కేస్ స్టడీ

ముప్పై దాటిన ప్రాప్‌ను (ముందు వరసలో ఢీకొనే బరువైన ఆటగాణ్ని) ఒక వారం ఆడకుండా ఆపితే ఎవరూ ఏమీ అనరు. మోకాళ్ళు అరిగాయి, ఒళ్ళు తేరుకోవాలి అని అందరూ ఒప్పుకుంటారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ని ఆపుదామంటే మాత్రం, "వాడికేమయ్యింది? వయసులో ఉన్నాడు, రేపటికి లేచి పరిగెత్తుతాడు" అంటారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక సూపర్ లీగ్ (ఇక్కడి రగ్బీ లీగ్‌లో పై స్థాయి పోటీ) క్లబ్బులో ఆటగాళ్ళ లోడ్ (ఒంటి మీద పడే శ్రమ), శారీరక సామర్థ్యం చూసుకునే పని నాది. ఈ మాట ఏటా వింటాను, ఏటా వాదిస్తాను.

ఒకే సీజన్‌లో మా దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళ సంగతి ఇది. ఒకడు మరీ ఎక్కువ ఆడుతున్నాడు. ఇంకొకడు జట్టుతోనే తిరుగుతున్నాడు కానీ ఆడటం లేదు. ఇద్దరినీ కొన్నాళ్ళు మొదటి జట్టు నుంచి తప్పించాం, వేరువేరు కారణాలతో. వాళ్ళెవరో పోల్చుకునే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు ఈ ఆట ఒంటిని ఎలా పిండుతుందో చెప్పాలి. పదమూడు మంది, ఎనభై నిమిషాలు. బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్ళు, అంటే ఆరు సార్లు పట్టి పడేసే దాకా బంతి వాళ్ళదే. ప్రతి ట్యాకిల్ తర్వాత డిఫెండర్లు పది మీటర్లు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి ఢీకొట్టాలి. ఈ వెనక్కి-ముందుకి అంతా ఎక్కువగా మధ్యలో ఆడే ప్రాప్‌ల మీద, లూజ్ ఫార్వర్డ్ మీద, హుకర్ మీద పడుతుంది. అలాంటి ఫార్వర్డ్ ఒక మ్యాచ్‌లో ముప్పై నలభై సార్లు ఢీకొనడం మామూలే. ప్రాప్ మొత్తం ఎనభై నిమిషాలూ ఆడడు. రెండు విడతలుగా ఆడతాడు, మధ్యలో బెంచీ మీదికి వస్తాడు. జట్టుకు ఎనిమిది ఇంటర్‌చేంజ్‌లే (ఆటగాణ్ని మార్చే అవకాశాలే) ఉంటాయి కాబట్టి అవి అయిపోతే అలసిన వాడు కూడా లోపలే ఉండాలి. మ్యాచ్ తర్వాత గెంతే శక్తి రెండు మూడు రోజుల్లో తిరిగి రావచ్చు. కండరాల దెబ్బను చూపే క్రియేటిన్ కైనేజ్ మాత్రం రక్తంలో ఐదు రోజుల దాకా మామూలు స్థాయికి దిగకపోవచ్చు. ఆదివారం ఆడి శుక్రవారం మళ్ళీ ఆడాల్సి వస్తే మధ్యలో మిగిలేది ఆ ఐదు రోజులే.

క్యాలెండర్ కూడా దయలేనిది. ఫిబ్రవరిలో గడ్డకట్టిన నేల మీద మొదలై, అక్టోబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గ్రాండ్ ఫైనల్ దాకా 27 రౌండ్లు. వాటికి తోడు ఓడితే బయటికే అన్న ఛాలెంజ్ కప్ పోటీ. ఆస్ట్రేలియాలోని పై స్థాయి లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023లో డాల్ఫిన్స్ జట్టు చేరాక 17 జట్లయ్యాయి. అక్కడ 27 రౌండ్లలో ప్రతి జట్టూ 24 మ్యాచ్‌లే ఆడుతుంది, మూడు బై (మ్యాచ్ లేని) వారాలు దక్కుతాయి. మాకు బై లేదు. ఖాళీ వారం కావాలంటే కప్పు నుంచి ఓడిపోయి బయటికి రావాలి, లేదా మేమే ఎవరికి ఎప్పుడు ఖాళీ ఇవ్వాలో నిర్ణయించాలి. కుర్రాళ్ళ విషయంలో ఆ నిర్ణయాన్ని అదృష్టానికి వదలకూడదని నా పట్టుదల.

ప్రాప్

మొదటివాడు ప్రాప్. అకాడమీ (క్లబ్బు యువ జట్టు) వయసు అప్పుడే దాటింది. ప్రీ-సీజన్ మొత్తం మొదటి జట్టుతో చేశాడు. బరువులో, బలంలో పెద్దవాళ్ళకు దగ్గరగా వచ్చాడు, మెడ బలంలో తప్ప. మెడ బలం కుర్రాళ్ళకు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ట్యాకిల్‌లో తల అదుపులో ఉండాలంటే అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

సీజన్ మొదట్లో వాణ్ని కింది స్థాయి పోటీ ఛాంపియన్‌షిప్‌లోని ఒక క్లబ్బుకు లోన్ మీద, అంటే కొన్నాళ్ళ కోసం, పంపాం. అక్కడ మ్యాచ్ లేని వారం మా రిజర్వ్స్‌కు (రెండో జట్టుకు) ఆడాడు. ఇంతలో మా సీనియర్ ప్రాప్‌లలో ఒకరికి మోకాలి గాయం, ఇంకొకరిపై సస్పెన్షన్. వీడికి పిలుపు వచ్చింది. మొదట బెంచీ నుంచి ఇరవై నిమిషాలు, తర్వాత ముప్పై, ఆ తర్వాత నలభై దాటింది. అదరగొట్టాడు. బంతి తీసుకుంటే ముగ్గురు పట్టుకుంటే గానీ పడేవాడు కాదు.

హెడ్ కోచ్ దగ్గరున్న లెక్క ప్రకారం వాడు ఆడింది కొద్ది మ్యాచ్‌లే, అవీ సగం సగం. నేను వేరే లెక్క తెచ్చాను. లోన్ క్లబ్బు నిమిషాలు, రిజర్వ్స్ నిమిషాలు, మొదటి జట్టు నిమిషాలు అన్నీ ఒకే కాగితం మీద వేశాను. ఎనభై నిమిషాలను ఒక పూర్తి మ్యాచ్‌గా లెక్కకట్టాను. వరసగా ఎన్ని వారాలు ఢీకొనడం లేకుండా గడవలేదో పక్కన రాశాను. ఆ కాగితం చూశాక గదిలో మాట తీరు మారింది. జనవరి చివరి నుంచి వాడికి ఒక్క వారాంతం కూడా ఖాళీ లేదు. మా స్క్వాడ్‌లో అందరికంటే ఎక్కువ వారాలు వరసగా ఆడింది వాడే.

ఇంగ్లండ్‌లో కుర్రాళ్ళ విషయంలో పదే పదే జరిగేది ఇదే. డ్యూయల్ రిజిస్ట్రేషన్ (ఒకేసారి రెండు క్లబ్బులకు ఆడే వీలు), లోన్, రిజర్వ్స్, వయసు జట్ల ప్రాతినిధ్య మ్యాచ్‌లు అన్నీ విడివిడిగా చూస్తే మంచివే. ప్రతి కోచ్‌కూ తన దగ్గర ఆడిన నిమిషాలే కనిపిస్తాయి. కుర్రాడి ఒంటికి మాత్రం అన్నీ కలిపే పడతాయి. పైగా వాడికి కాలేజీ కోర్సు చివరి సంవత్సరం. వసంతంలో సమర్పించాల్సిన పనులు పేరుకుపోయాయని, రాత్రి పొద్దుపోయే దాకా కూర్చుంటున్నాడని మా ప్లేయర్ వెల్ఫేర్ మేనేజర్ చెప్పారు. ఆ వయసువాడికి రాత్రికి ఎనిమిది తొమ్మిది గంటల నిద్ర కావాలి. అది తగ్గితే జిమ్‌లో మేము చేసేదంతా సగం వృథా. నేను వాడే ఏ పరికరం కంటే ఆమె చెప్పిన ఆ ఒక్క సంగతి నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఏ సంకేతాలను నమ్మాను, వేటిని నమ్మలేదు

రోజూ పొద్దున ఆటగాళ్ళు ఫోన్‌లో కొన్ని ప్రశ్నలకు జవాబిస్తారు. నిద్ర ఎలా ఉంది, ఒళ్ళు నొప్పులున్నాయా, ఉత్సాహం ఎంత అని. కుర్రాళ్ళ జవాబులను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మొదటి జట్టులో చోటు దొరికిన పంతొమ్మిదేళ్ళవాడు "బాగా అలసిపోయాను" అని ఎందుకు రాస్తాడు? మా ప్రాప్ రోజూ అన్నిటికీ పూర్తి మార్కులు వేసుకునేవాడు. అన్ని రోజులూ ఒకే జవాబు వస్తుంటే, ఆ మార్పులేనితనమే అనుమానించాల్సిన సంకేతం.

ఫోర్స్ ప్లేట్ (కాళ్ళు నేలను నొక్కే బలాన్ని కొలిచే పలక) మీద గెంతు పరీక్ష మరో రకంగా మోసం చేస్తుంది. వాడి గెంతు ఎత్తు తగ్గలేదు. ఎత్తు ఒక్కటే చూసేవాళ్ళు "బానే ఉన్నాడు" అని రాసి పంపేస్తారు. నేను చూసింది ఆ ఎత్తుకు చేరడానికి వాడు తీసుకున్న సమయం. మోకాళ్ళు వంచి కిందికి దిగి, తిరిగి పైకి లేవడానికి పట్టే సమయం వారం వారం పెరుగుతోంది. అలసిన నాడీ కండర వ్యవస్థ అదే ఎత్తును ఆలస్యంగా, ఎక్కువ లోతు దిగి సాధించుకుంటుంది. ట్యాకిల్ అంత తీరిక ఇవ్వదు. వచ్చేవాడు నీ కాళ్ళు కుదురుకునే దాకా ఆగడు.

మోకాళ్ళ మధ్య పట్టీ పెట్టి నొక్కించే గజ్జల పరీక్షలో బలం కొద్దిగా తగ్గింది, నొప్పి లేదు. ఒక్క వారం తగ్గితే పట్టించుకోను. వరసగా తగ్గుతూ వస్తే పట్టించుకుంటాను.

శ్రమ ఎంత కష్టంగా అనిపించిందో ఆటగాడు చెప్పే తీవ్రత అంకెను నిమిషాలతో గుణించి, ఈ వారం లోడ్‌ను గత నాలుగు వారాల సగటుతో పోల్చే నిష్పత్తి ఒకటుంది. క్రీడా శాస్త్రవేత్త టిమ్ గాబెట్ పరిశోధనలతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆయన పనిలో చాలా భాగం రగ్బీ లీగ్ ఆటగాళ్ళ మీదే జరిగింది. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే మేలు, 1.5 దాటితే ప్రమాదం అని చాలామంది గోడ మీద రాసుకున్నారు. ఆ లెక్క కట్టే తీరులోనే లోపాలున్నాయని తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి. నా మట్టుకు, ఉన్నట్టుండి లోడ్ పెంచకూడదన్న సూత్రం వరకు తీసుకుంటాను, హద్దు గీతలు తీసుకోను. మా ప్రాప్ విషయంలో ఆ నిష్పత్తి చక్కగా 1 దగ్గరే ఉంది. ప్రతి వారం సమానంగా ఎక్కువ మోస్తున్నవాడికి ఆ అంకె ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది.

చివరికి కోచ్‌ను ఒప్పించింది వీడియో. డిఫెన్స్ కోచ్‌తో కలిసి వాడి ట్యాకిళ్ళన్నీ వరసగా చూశాను. తొలి మ్యాచ్‌లలో ముందు కాలు ప్రత్యర్థికి దగ్గరగా పడేది, భుజం తగిలేది, తల సరైన పక్కకు ఉండేది. ఇటీవలి మ్యాచ్‌లలో, అదీ రెండో విడత చివరి నిమిషాల్లో, కాలు దూరంగా ఆగిపోతోంది. చేతులు ముందు వెళుతున్నాయి, తల అడ్డంగా వస్తోంది. స్కోర్‌షీట్‌లో అవన్నీ విజయవంతమైన ట్యాకిళ్ళే. నా దృష్టిలో భుజానికో తలకో దెబ్బ తగలబోయే ముందు కనిపించేవి ఇలాంటి ట్యాకిళ్ళే. తల అడ్డంగా వచ్చే ట్యాకిల్‌కు ఇంటర్‌చేంజ్ కార్డు మీద సమాధానం దొరకదు.

డెర్బీకి ముందా, తర్వాతా

గుడ్‌ఫ్రైడే డెర్బీ (పొరుగు ప్రత్యర్థి జట్ల మ్యాచ్) దగ్గరపడింది. ఈ పట్టణాల్లో ఆ మ్యాచ్ అంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. విగన్, సెయింట్ హెలెన్స్ తలపడినా, హల్ రెండు జట్లు తలపడినా ఊరంతా ఆ రోజు కోసం ఎదురుచూస్తుంది. ఒకప్పుడు శుక్రవారం డెర్బీ ఆడి సోమవారం మళ్ళీ మ్యాచ్ ఆడేవాళ్ళు. ఆ రోజులు పోయినందుకు నాకు సంతోషం.

వాణ్ని డెర్బీకి ముందు వారమే ఆపుదామన్నది నా మొదటి ప్రతిపాదన. హెడ్ కోచ్ ఒప్పుకోలేదు. "ఆ వారం నాకు ప్రాప్‌లు లేరు. సస్పెన్షన్ డెర్బీ తర్వాతే ముగుస్తుంది" అన్నారు. అది న్యాయమైన మాటే. బెంచీతో కలిపి పదిహేడు మందిని నిలబెట్టాల్సింది ఆయన, నేను కాదు. అప్పుడు ఇద్దరం కలిసి ఒక ఒప్పందానికొచ్చాం. డెర్బీలో వాణ్ని రెండు చిన్న విడతల్లోనే ఆడించాలి, రెండో విడత ఆఖరి పది నిమిషాల్లోకి వెళ్ళకూడదు. డెర్బీ తర్వాత రెండు రౌండ్లు ఢీకొనడం అనేదే ఉండదు. ఆ రెండు రౌండ్ల సంగతి డెర్బీ ఆడకముందే కాగితం మీద రాసి, కుర్రాడికీ, వాడి తల్లిదండ్రులకూ, వాడి ఏజెంటుకూ చెప్పేశాం.

ఈ కేసులో నేను ఎక్కువ విలువిచ్చేది ముందుగా చెప్పిన ఆ మాటకే. యువ ఆటగాడికి విశ్రాంతి తేదీ అతని ఫామ్ తెలియకముందే ఖరారు కావాలి. మ్యాచ్ అయ్యాక నిర్ణయిస్తే, బాగా ఆడినప్పుడు ఎవరికీ ఆపడానికి మనసు రాదు. సరిగా ఆడనప్పుడు ఆపితే అది శిక్షలా కనిపిస్తుంది. ఆ వయసువాడు దాన్ని "నన్ను తీసేశారు" అనే అర్థం చేసుకుంటాడు. ఇక ఆ తర్వాత ఎప్పుడూ నొప్పి గురించి నోరు విప్పడు.

డెర్బీలో వాడు చాలా బాగా ఆడాడు. మేం గెలిచాం. మరుసటి వారం జట్టు ప్రకటనలో వాడి పేరు లేకపోయేసరికి గాయమా, క్రమశిక్షణ సమస్యా అని విలేకరులు అడిగారు. "ముందే అనుకున్న విరామం" అని హెడ్ కోచ్ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ రౌండ్ మ్యాచ్ ఓడిపోయాం. అయినా రెండో రౌండ్‌కు కూడా వాణ్ని పిలవలేదు. ఆ వారం ఆయన మాట మీద నిలబడినందుకు నాకు ఆయనపై గౌరవం పెరిగింది.

విశ్రాంతి అంటే సోఫా మీద పడుకోవడం కాదని వాడికి మొదటి రోజే చెప్పాను. మొదటి నాలుగు రోజులు క్లబ్బుకు రావద్దన్నాం. కాలేజీ పనులు పూర్తి చెయ్యి, నిద్రపో, ఇంట్లో ఉండు. తర్వాత జిమ్‌లో బరువులు మామూలుగానే, మెడకు వారంలో మూడు సార్లు ప్రత్యేక వ్యాయామాలు. పరుగు తగ్గించలేదు. రెండో వారంలో కాస్త పెంచాం కూడా. ఢీకొనడం మాత్రం పూర్తిగా మానిపించాం. ట్యాకిల్ అడుగులను డిఫెన్స్ కోచ్‌తో నెమ్మదిగా, మెత్తటి షీల్డుల మీద తిరిగి సాధన చేయించాం. అలసిపోయిన ఒంటితో నేర్చుకున్న చెడు అలవాటును తాజా ఒంటితోనే మాన్పించగలం.

రెండో వారం చివరికి గెంతు సమయం ప్రీ-సీజన్ స్థాయికి తిరిగొచ్చింది, గజ్జల బలం కూడా. మూడో రౌండ్‌కు తిరిగొచ్చి బెంచీ నుంచి ఆడాడు. ఆ తర్వాత వరసగా ఐదారు మ్యాచ్‌లు ఆడిన ప్రతిసారీ ఢీకొనడం లేని ఒక వారం ముందే గీసి పెట్టాం. వేసవిలో ఒక ట్యాకిల్‌లో భుజం కీలుకు దెబ్బ తగిలి కొన్ని వారాలు కూర్చున్నాడు. వీడియో చూశాను. కాలు సరిగ్గానే పడింది, తల సరైన పక్కనే ఉంది. ఈ ఆటలో అలాంటి దెబ్బ ఎవరికైనా తగులుతుంది. ఒక్క కుర్రాడి సీజన్ చూపించి ఇది గాయాలను ఆపుతుందని ఎవరితోనూ అనను. అలసటతో వాడు నేర్చుకున్న చెడు ట్యాకిల్ మాత్రం పోయింది, అది నా కళ్ళతో చూశాను.

వింగర్

రెండోవాడి కథ తిరగబడి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ వింగర్ (మైదానం అంచున ఆడేవాడు), చిరుతలాంటి వేగం. వాణ్ని మొదటి జట్టుతో తిప్పితే అనుభవం వస్తుందని పదిహేడు మందికి పైన అదనంగా, పద్దెనిమిదో ఆటగాడిగా వారం వారం తీసుకెళ్ళేవాళ్ళు. పద్దెనిమిదోవాడు ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప మైదానంలోకి దిగడు. మ్యాచ్ ముందు రోజు తేలికపాటి సాధన, బస్సు, వార్మప్, తర్వాత ట్రాక్‌సూట్‌తో కూర్చోవడం. ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌లో కాటలాన్స్ జట్టుతో ఆడే వారమైతే రెండు రోజులు ప్రయాణంలోనే పోతాయి. మరుసటి రోజు మిగతావాళ్ళు రికవరీ చేస్తుంటే వీడూ వాళ్ళతో పాటు చల్లటి నీళ్ళలో దిగేవాడు. దేని నుంచి తేరుకోవడానికి?

జీపీఎస్ చూస్తే వాడు తన గరిష్ఠ వేగంలో తొంభై శాతం అందుకుని వారాలు గడిచాయి. వేగమే బతుకుతెరువైన వింగర్‌కు ఇది ప్రమాదం. అలాంటివాణ్ని ఒక రోజు హఠాత్తుగా ఎనభై నిమిషాలకు దింపితే ముందు తెగేది హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం). పైకి చూస్తే వాడు స్క్వాడ్‌లో అందరికంటే తాజాగా ఉన్నట్టే. నిజానికి అతి విశ్రాంతితో వాడు బలహీనపడుతున్నాడు.

వాణ్ని కూడా మొదటి జట్టు నుంచి తప్పించమన్నాను, వారం వారం రిజర్వ్స్‌లో పూర్తి మ్యాచ్ ఆడించడానికి. ఇక్కడ కోచింగ్ బృందంతో పేచీ రాలేదు. కుర్రాడే బాధపడ్డాడు. పెద్దవాళ్ళ డ్రెస్సింగ్ రూమ్ వదిలి రావడం వాడికి కిందికి దిగినట్టనిపించింది. వాడి వేగం అంకెలు తెరమీద చూపించి, "ఈ గీత ఇలా కిందికి వస్తుంటే నిన్ను పైకి పిలిచే రోజున నువ్వు నువ్వుగా ఉండవు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి మా క్లబ్బులో ఒక నియమం పెట్టాం. పద్దెనిమిదో ఆటగాడిగా కూర్చున్న కుర్రాడు మరుసటి ఉదయం పూర్తి వేగం పరుగులు చేసి తీరాలి. వరసగా రెండు వారాల కంటే ఎక్కువ ఆ స్థానంలో ఏ కుర్రాణ్నీ ఉంచకూడదు.

మిగతా కొన్ని మాటలు

తలకు దెబ్బ తగిలితే ఇలాంటి చర్చ ఏదీ ఉండదు. అక్కడ నా అభిప్రాయానికీ, కోచ్ అవసరానికీ చోటు లేదు. వైద్యులు, నిర్ణీత దశలు, అంతే. ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023 నుంచి నిర్ధారిత కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) తర్వాత మామూలుగా 11 రోజులు ఆడకూడదు. కుర్రాళ్ళ విషయంలో నేనైతే ఇంకా ఎక్కువ ఆగమనే చెబుతాను. మెదడు, ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసు అది. కాలర్ ఎముక లోపలి చివర ఇరవై దాటాక గానీ పూర్తిగా కలిసిపోదు.

మరీ చిన్న వయసులో పెద్దల ఆటలోకి దింపడం గురించి చర్చ వస్తే చాలామంది ఆస్ట్రేలియా ఆటగాడు జోసెఫ్ సువాలి పేరెత్తుతారు. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడాలంటే 18 నిండాలన్న నియమం నుంచి 2021లో అతనికి మినహాయింపు ఇచ్చారు. 17 ఏళ్ళకే సిడ్నీ రూస్టర్స్‌కు ఆడి, ఐదు మ్యాచ్‌ల తర్వాత పాదం గాయంతో ఆ సీజన్ ముగించాడు. ఆ గాయానికి వయసే కారణమని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. పాదానికి అలాంటి గాయం ఏ వయసువాడికైనా అవుతుంది. అదే సీజన్‌లో అదే క్లబ్బు 18 ఏళ్ళ హాఫ్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించేవాడు) సామ్ వాకర్‌ను ఆడించిన తీరు నాకు ఎక్కువ నేర్పింది. మొదట వరసగా ఆడించి, సీజన్ చివర్లో బెంచీ నుంచి దింపారు. ఫైనల్స్‌లో గోల్డ్ కోస్ట్ టైటన్స్ మీద గెలిపించిన ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగా బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టింది బెంచీ నుంచి వచ్చిన ఆ కుర్రాడే.

ఇప్పుడు మా సోమవారం సమావేశంలో కుర్రాళ్ళ కాగితమే మొదట తెరుస్తాం, సీనియర్ల గాయాల జాబితా తర్వాత. అందులో ఒక్కొక్కరికీ మూడే గడులు. అన్ని జట్లకూ కలిపి ఆడిన నిమిషాలు, ఢీకొనడం లేని ఆఖరి వారం ఎప్పుడు, రాబోయేది ఎప్పుడు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ సమావేశం ముగియదు.